బ్రేకులు వేసే ఉన్నాయి, మరి కుర్చీ ఎలా పడింది?

వీల్‌చెయిర్ గురించి ఒక్క ప్రశ్నకి జవాబు రాసిన పాపానికి ఉత్తరాలు వరద కట్టాయి. అన్నీ వరసగా చదివితే ఒకటే అనిపించింది. కుర్చీ కొనిపెట్టేవాళ్లున్నారు, తెచ్చి ఇచ్చి వెళ్లేవాళ్లున్నారు, పక్కన నిలబడి ఎలా వాడాలో చూపించేవాళ్లే కరువు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన వీల్‌చెయిర్ మార్గదర్శకాల్లో మనిషికి కుర్చీ అందించే పనిని ఎనిమిది మెట్లుగా విడదీసి, వాడకం నేర్పడాన్ని అందులో ఒక మెట్టుగా పెట్టారు. ఆచరణలో అందరూ దాటేసేది ఆ మెట్టునే. నేనూ రోజంతా చేత్తో తిప్పుకునే కుర్చీలోనే ఉంటాను కాబట్టి ఈసారి కాలమ్ మొత్తం దీనికే. మోటారు కుర్చీల లెక్క వేరు, వాటి జోలికి పోవడం లేదు.

ప్రశ్న: మా అత్తగారు కుర్చీలోంచి మంచం మీదికి మారబోతూ లేచారు. రెండు బ్రేకులూ నేనే వేశాను, మళ్లీ ఒకసారి చూసుకున్నాను కూడా. అయినా కుర్చీ వెనక చక్రాలు గాల్లోకి లేచి ఆవిడతో సహా ముందుకి బోల్తా పడింది. పెద్ద దెబ్బలేం తగల్లేదు గానీ అప్పట్నుంచి ఆవిడకి కుర్చీ అంటేనే భయం. బ్రేకులు పాడైనట్టా?

జవాబు: బ్రేకుల తప్పేం లేదమ్మా. ఆవిడ ఫుట్‌రెస్టుల మీద కాళ్లు మోపి లేచి ఉంటారు, అంతే.

వీల్‌చెయిర్ బ్రేకు చేసే పని ఒక్కటే, ఆగి ఉన్న కుర్చీ వెనక చక్రాలు దొర్లకుండా పట్టుకోవడం. కుర్చీ ఒరిగిపోకుండా ఆపడం దాని వల్ల కాదు. మనిషి బరువు నాలుగు చక్రాల మధ్య ఉన్నంతసేపే కుర్చీ నిలబడుతుంది. ఫుట్‌రెస్టులేమో ముందు చక్రాలకన్నా ముందుకి పొడుచుకొచ్చి ఉంటాయి. లేచే మనిషి బరువంతా వాటి మీద పడిందంటే ముందు చక్రాల దగ్గర్నుంచి కుర్చీ మొత్తం తిరగబడుతుంది, బ్రేకు ఉన్నా లేకపోయినా. వీల్‌చెయిర్ ప్రమాదాల్లో ఎక్కువ భాగం ఇలా ఒరిగిపోవడాలు, పడిపోవడాలే. గుద్దుకోవడాలు కావు. అందుకే ఫుట్‌రెస్టులు కూర్చున్నాక దించాలి, లేచే ముందు ఎత్తెయ్యాలి. పక్కకి తిరిగేవైతే పూర్తిగా తిప్పి పక్కకి పెట్టేయండి, పాదం తట్టుకునే గొడవ కూడా ఉండదు.

ఇక మంచం మీదికి మార్చడం. కుర్చీని మంచానికి ఎదురుగా పెట్టకండి, కాస్త ఏటవాలుగా, సుమారు 30 నుంచి 45 డిగ్రీల కోణంలో, ఆవిడకి ఏ కాలు ఏ చెయ్యి బలంగా ఉంటే మంచం ఆ వైపు వచ్చేలా ఆనించి పెట్టండి. పెట్టేటప్పుడే కుర్చీని కొంచెం ముందుకి నడిపి మళ్లీ వెనక్కి లాగితే ముందు చిన్న చక్రాలు గిర్రున తిరిగి ముందుకి చూస్తాయి. ఆ కొద్ది తేడాతోనే కుర్చీ ఆనుకునే జాగా పెరుగుతుంది, ముందుకి పడే ముప్పు తగ్గుతుంది. చూడ్డానికి చిన్న పనే గానీ కిందున్నదేదో అందుకోవడానికి వంగే ముందు కూడా ఇలాగే చేయాలి. తర్వాత రెండు బ్రేకులు, ఫుట్‌రెస్టులు పైకి, మంచం వైపు ఆర్మ్‌రెస్ట్ ఊడొచ్చే రకమైతే తీసేయడం. ఆవిడ సీటు అంచుకి జరిగి, పాదాలు మోకాళ్ల కిందకి తెచ్చుకుని, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేంత ముందుకి వంగితే లేవడానికి సగం బలం ఆ వంగడంలోంచే వస్తుంది. మీరు చంకల్లో చేతులు పెట్టి లాగొద్దు, ఆవిడ భుజం దెబ్బతింటుంది. మీ మెడ చుట్టూ చేతులు వేయనివ్వొద్దు, మీ మెడ పట్టేస్తుంది. నడుముకి కట్టే ట్రాన్స్‌ఫర్ బెల్టు దొరుకుతుంది, దాన్ని పట్టుకోండి, నడుము కాకుండా మోకాళ్లు వంచండి. కాళ్ల మీద అసలు నిలబడలేని వాళ్లకి స్లైడింగ్ బోర్డు అని నున్నటి పలక ఉంటుంది, దాని మీద కొద్దికొద్దిగా జరుగుతూ మారాలి. దాన్ని మాత్రం ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకునే వాడండి, ఈడ్చుకుంటూ జరిగితే చర్మం ఒరుసుకుపోతుంది.

బ్రేకుల అనుమానం తీరాలంటే ఖాళీ కుర్చీకి బ్రేకులు వేసి గట్టిగా తోసి చూడండి. వెనక చక్రాలు తిరిగాయంటే మొట్టమొదట ఆ వెనక టైర్లలోనే గాలి చూడాలి. బ్రేకు దిమ్మ టైరుని నొక్కి పట్టుకుంటుంది కాబట్టి టైరు మెత్తబడితే పట్టు పోతుంది. ఎంత గాలి కొట్టాలో టైరు పక్కనే అచ్చు వేసి ఉంటుంది.

ఆవిడ భయం గురించి ఒక మాట. ప్రతిసారీ ఏం చేయబోతున్నారో ముందు చెప్పండి, "ఇప్పుడు లేద్దామా" అని అడిగి, ఆవిడ ఊఁ అన్నాకే చెయ్యి వేయండి. చెప్పకుండా ఎత్తితే ఎవరైనా బిగుసుకుపోతారు, బిగుసుకున్న మనిషిని మార్చడం ఇద్దరికీ కష్టం.

ప్రశ్న: మా ఆవిడని రోజూ కుర్చీలో బయటికి తీసుకెళ్తాను. మేముండే చోట మెట్ల పక్కన ర్యాంపు అని ఒకటి కట్టారు, అది ర్యాంపో జారుడుబల్లో తెలీదు. దిగేటప్పుడు కుర్చీ నన్ను ఈడ్చుకుపోతోంది, భయమేసి మధ్యలో బ్రేకు వేస్తున్నాను. ఫుట్‌పాత్ ఎక్కించడం ఇంకో టెన్షన్. సరైన పద్ధతి చెప్పండి.

జవాబు: ముందు ఆ బ్రేకు వేయడం ఆపండి! కదులుతున్న కుర్చీకి ఆ బ్రేకు వేస్తే ఒక చక్రం ముందు పట్టేసి కుర్చీ పక్కకి తిరుగుతుంది, లేదా రెండూ ఒకేసారి పట్టేసి మీ ఆవిడ ముందుకి విసిరినట్టు పడతారు. అది సైకిల్ బ్రేకు కాదు, ఆగాక వేసే గొళ్లెం.

ర్యాంపుకి లెక్క ఉంది. ఒక వంతు ఎత్తుకి పన్నెండు వంతుల పొడవు. మెట్ల ఎత్తు అడుగైతే ర్యాంపు కనీసం 12 అడుగులు సాగాలి. టేపు పెట్టి కొలవండి, కొలిచిన లెక్క పట్టుకుని కట్టినవాళ్లని అడగండి, "నిటారుగా ఉంది సార్" అంటే ఎవరూ వినరు, "పన్నెండు అడుగులు ఉండాల్సింది ఐదే ఉంది" అంటే వినక తప్పదు.

అది మారేదాకా ఎక్కేటప్పుడు మీ ఆవిడ ముఖం వాలు పైవైపుకి, దిగేటప్పుడు కూడా పైవైపుకే. అంటే దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి, మీరు కింది వైపు ఉండి, భుజం మీదుగా వెనక్కి చూసుకుంటూ చిన్న చిన్న అడుగులతో దించాలి. కుర్చీ బరువు మీ చేతుల్లోంచి లాక్కుపోదు, మీ ఒంటికి ఆనుకుంటుంది. మీ ఆవిడని రెండు సందర్భాల్లోనూ కొంచెం ముందుకి వంగి ఉండమనండి, బరువు వెనక్కి పోకుండా. వాలు మధ్యలో అడ్డంగా తిప్పడం, అడ్డంగా ఆపడం రెండూ వద్దు, కుర్చీ పక్కకి ఒరిగేది అలాంటప్పుడే. కాళ్లకి జారే చెప్పులేసుకుని మాత్రం ఈ పని పెట్టుకోకండి. ఇంకోటి, వెనక పిడులకి తొడిగిన రబ్బరు తొడుగుల్ని అప్పుడప్పుడూ లాగి చూడండి. అవి వదులై చేతిలోకి ఊడొచ్చాయంటే వాలు మీద మీ చేతిలో రబ్బరు మిగులుతుంది, కుర్చీ ఉండదు.

ఫుట్‌పాత్ ఎక్కించడానికి ముఖాముఖి వెళ్లాలి. ముందు చక్రాలు అంచుకి కాస్త ఇవతల ఉండగానే ఆగి, "వెనక్కి వంచుతున్నా" అని చెప్పి, కుర్చీ వెనకాల కిందుగా పొడుచుకొచ్చిన గొట్టం ఉంటుంది చూడండి, దాన్ని పాదంతో నొక్కుతూ పిడుల్ని మీ వైపు లాగండి. ముందు చక్రాలు లేస్తాయి, వాటిని ఫుట్‌పాత్ మీద పెట్టి, పెద్ద చక్రాలు అంచుకి ఆనేదాకా తోసి, అప్పుడు దొర్లిస్తూ ఎక్కించాలి. ఎత్తకూడదు, దొర్లించాలి. వెనక్కి పడకుండా బిగించిన బుల్లి చక్రాలుంటే ఈ పనికి ముందు వాటిని పైకి తిప్పాలి, అయ్యాక మళ్లీ దించాలి. దించడం మర్చిపోయేవాళ్లే ఎక్కువ. ఫుట్‌పాత్ దిగడం దీనికి తిరగేసి, పెద్ద చక్రాలు ముందు దిగేలా వెనక్కి.

గడపలూ పగుళ్లూ గుంతలూ కూడా ఇంతే ముఖ్యం. ముందు చిన్న చక్రం పగులులోకి దిగిందంటే కుర్చీ టక్కున ఆగుతుంది, కూర్చున్న మనిషి ఆగరు. వేగంగా తోస్తూ మాట్లాడుకుంటూ వెళ్లేవాళ్లకి ఇదే ఎదురవుతుంది, చూపు ఎదురుగా ఉంటుంది గానీ నేల మీద ఉండదు. రైలు పట్టాలు దాటాల్సి వస్తే నిలువుగా దాటండి. ఏటవాలుగా వెళ్తే చిన్న చక్రం తిరిగి పట్టా పక్క సందులో ఇరుక్కుంటుంది. ఇసుక, గులకరాళ్ల మీద ముందు చక్రాలు ఎత్తి తోయండి, లేదా కుర్చీని తిప్పి వెనక్కి లాక్కెళ్లండి.

మెట్ల మీద కుర్చీతో సహా మోయడం వీలైనంత వరకు వద్దు. తప్పనిసరైతే కనీసం ఇద్దరు ఉండాలి, అనుభవం ఉన్నవాళ్లు పైన పిడులు పట్టుకోవాలి, కిందివాళ్లు కదలని ఫ్రేమునే పట్టుకోవాలి. ఆర్మ్‌రెస్టో ఫుట్‌రెస్టో పట్టుకుని ఎత్తితే అది ఊడి చేతిలోకి వస్తుంది.

ప్రశ్న: కాలేజీకి వెళ్తాను. బ్యాగు వెనక పిడులకి తగిలించుకుంటే తప్పేంటి? అందరూ అలాగే చేస్తున్నారు. ఇంకో ప్రశ్న, ముందు చక్రాలు లేపి వెనక చక్రాల మీద నిలబడే వీలీ నేర్చుకోవాలనుంది, ఇంట్లో చెబితే తిడుతున్నారు.

జవాబు: తమ్ముడూ, బ్యాగులో ఏముంది? పుస్తకాలు, ల్యాప్‌టాప్, నీళ్ల సీసా కలిపితే తక్కువ బరువేం కాదు. అదంతా పెద్ద చక్రాల ఇరుసుకి వెనకాల వేలాడుతుంది. చదునైన చోట తెలియదు, ర్యాంపు ఎక్కుతూ గట్టిగా ఒక్క తోపు తోశావంటే తెలుస్తుంది. నువ్వు లేచి వేరే చోట కూర్చున్నప్పుడు ఖాళీ కుర్చీ దానంతటదే వెనక్కి పడిపోవడం చూసే ఉంటావు, కారణం ఆ బ్యాగే. సీటు కింద కట్టుకునే సంచి దొరుకుతుంది, అది మంచిది. ఒళ్లో పెట్టుకున్నా పర్వాలేదు, పట్టీలు చక్రాల్లోకి జారకుండా చూసుకో. చలికి కప్పుకున్న దుప్పటి అంచులతో కూడా ఇదే జాగ్రత్త.

వీలీ మాత్రం నేర్చుకో, నేను నీ వైపే. అది ఫోజు కొట్టడానికి కాదు, ఆ బ్యాలెన్స్ వస్తే గడప దాటడానికీ, గతుకుల దారికీ, చిన్న అంచు దిగడానికీ ఎవరి కోసమూ ఎదురు చూడక్కర్లేదు. కానీ ఒక్కడివే గదిలో తలుపేసుకుని కాదు. పద్ధతి తెలిసిన మనిషి వెనక నిలబడి, కుర్చీ ఫ్రేముకి కట్టిన పట్టీ చేత్తో పట్టుకుని ఉండాలి. కెనడాలోని డల్హౌసీ యూనివర్సిటీ వాళ్ల వీల్‌చెయిర్ స్కిల్స్ ప్రోగ్రామ్ ఇంటర్నెట్‌లో ఉచితంగానే ఉంది, నేర్పేవాళ్లు ఎక్కడ నిలబడాలో కూడా అందులో చూపిస్తారు. దాన్ని ఇంట్లోవాళ్లకి చూపించు, తిట్లు కొంచెం తగ్గుతాయి.

వెనక్కి పడటం ఎలాగో కూడా ముందే నేర్చుకోవాలి. గడ్డం ఛాతీకి నొక్కిపెట్టడం అన్నిటికన్నా ముఖ్యం, తల వెనక భాగం నేలకి తగలకుండా. చేతులు వెనక్కి చాచొద్దు, మణికట్లు విరుగుతాయి. ఒక చెయ్యి తొడల మీద అడ్డంగా పెడితే మోకాళ్లు వచ్చి మొహానికి తగలవు. చదివితే తేలిగ్గా ఉంటుంది, పడే క్షణంలో గుర్తు రావాలంటే పరుపు మీద అలవాటు చేసుకోవాల్సిందే.

ప్రశ్న: మూడేళ్లుగా కుర్చీలో ఉన్నాను. భుజం నొప్పి మొదలైంది. కుర్చీ తోసుకోవడం వల్లేనా?

జవాబు: కావచ్చు. భుజాలు నడవడానికి పుట్టినవి కావు పాపం, వాటితో ఆ పని చేయిస్తున్నాం. చాలామంది రింగుని, అంటే చక్రం పక్కన చేత్తో పట్టుకుని తిప్పే కడ్డీని, పైన పైన చిన్న చిన్నగా టకటకా తోస్తారు. అలా కాకుండా వెనక నుంచి పట్టుకుని ముందుదాకా ఒక్క నిడుపాటి తోపు తోసి, చేతుల్ని రింగుకన్నా కిందకి వదిలేసి, ఊగుతున్నట్టు మళ్లీ వెనక్కి తెచ్చుకోవాలి. తక్కువ తోపులతో ఎక్కువ దూరం.

కుర్చీ కొలత కూడా చూసుకోండి. రింగు మీద సరిగ్గా పైభాగాన చెయ్యి పెట్టినప్పుడు మోచేతి దగ్గర పై చేతికీ ముంజేతికీ మధ్య కోణం సుమారు 100 నుంచి 120 డిగ్రీలు ఉండాలి. చెయ్యి సాగదీస్తేనే రింగు అందుతోందంటే సీటు మరీ ఎత్తులో ఉన్నట్టు, భుజాలు చెవుల దాకా లేస్తున్నాయంటే మరీ కిందున్నట్టు. సీటు వెడల్పు ఎక్కువైనా చేతులు పక్కలకి చాచి తోయాల్సి వస్తుంది, "లావైతే పనికొస్తుంది" అని ఒక సైజు పెద్దది కొనే అలవాటు భుజాలకి శిక్ష. ఆసుపత్రి వరండాల్లో కనిపించే స్టీలు కుర్చీలు సుమారు 16 నుంచి 20 కిలోలు ఉంటాయి, అవి ఎవరో ఒకరు తోయడానికి చేసినవి, సొంతంగా రోజంతా తిప్పుకోవడానికి కాదు. నొప్పి రాత్రిళ్లు నిద్ర చెడగొడుతోందంటే ఇవన్నీ పక్కన పెట్టి డాక్టర్‌కి చూపించండి.

ప్రశ్న: వెన్నెముక దెబ్బ తర్వాత మా అన్నయ్యకి నడుము కింద స్పర్శ లేదు. పుండ్లు పడకుండా ఏం చేయాలి? మధ్యలో బెజ్జం ఉన్న గాలి ట్యూబు మీద కూర్చోబెట్టమని ఎవరో చెప్పారు.

జవాబు: ట్యూబు వద్దే వద్దు. బెజ్జం చుట్టూ అంచు నొక్కుకుని రక్తం ఆడదు, ఉన్న కష్టం పెరుగుతుంది. వీల్‌చెయిర్ కోసమే చేసిన ఫోమ్, జెల్, గాలి కుషన్లలో ఏది సరిపోతుందో చూసి చెప్పే థెరపిస్టులుంటారు.

మనం కూర్చున్న చోట కూడా తెలియకుండానే కదులుతూ ఉంటాం, ఒత్తిడి తెలుస్తుంది కాబట్టి. ఆయనకి ఆ కబురు అందదు. అందుకని ప్రతి 15 నుంచి 30 నిమిషాలకి గుర్తుపెట్టుకుని బరువు తీయాలి, ఫోన్‌లో అలారం పెట్టుకుంటే సరి. చేతులతో ఒక్కసారి పైకి లేచి మళ్లీ కూర్చుంటే చాలదు, రక్తం తిరిగి నిండడానికి రెండు నిమిషాల దాకా పడుతుంది, అంతసేపు చేతుల మీద ఎవరు లేచి ఉండగలరు? ఛాతీ తొడలకి ఆనేలా ముందుకి వాలడం, లేదా ఒక పక్కకి తర్వాత ఇంకో పక్కకి వాలడం మేలు. ముందుకి వాలే ముందు చిన్న చక్రాల సంగతి పైన చెప్పాను, మర్చిపోవద్దు.

రోజూ పొద్దునా రాత్రీ అద్దం పెట్టుకుని పిరుదులు, తుంటి, మడమలు చూసుకోవాలి. ఎర్రగా కందుతుందని పుస్తకాల్లో రాస్తారు గానీ చామనఛాయ, నల్లటి చర్మం మీద ఆ ఎరుపు కనపడకపోవచ్చు. చేత్తో తాకి చూడండి, చుట్టుపక్కల కన్నా వేడిగానో గట్టిగానో మెత్తగానో ఉంటే అనుమానించాలి. ఒత్తిడి తీశాక అరగంటకి కూడా ఆ మచ్చ పోలేదంటే దాని మీద మళ్లీ కూర్చోకూడదు, డాక్టర్‌కి చూపించాలి.

స్పర్శ లేని ఒళ్లో పొగలు కక్కే గ్లాసు పెట్టుకోవడం, వేడి గిన్నె పెట్టుకుని వంటింట్లోంచి రావడం, ఈ రెండూ పూర్తిగా మానేయమనండి. తొడ కాలినట్టు ఆయనకి తెలిసేసరికి బొబ్బ కూడా లేచి ఉంటుంది. ఎండలో వదిలేసిన కుర్చీ ఇనుప భాగాలతోనూ అదే ప్రమాదం.

ప్రశ్న: దారినపోయేవాళ్లు అడక్కుండా వచ్చి కుర్చీ తోసేస్తారు. వద్దంటే మొహం మాడ్చుకుంటారు. సాయం చేస్తున్నవాళ్లని కసరడం తప్పా?

జవాబు: తప్పు కాదు. నా చేతులు రింగుల మీద ఉండగా ఎవరో వెనక నుంచి తోస్తే వేళ్లు స్పోకుల్లోకి పోతాయి, నేను ముందుకి వంగి ఉంటే కిందపడతాను. ఇది మర్యాద సంగతి కన్నా ముందు దెబ్బల సంగతి. గట్టిగా "చెయ్యి తీయండి" అనండి, ఆయన మొహం తర్వాత ఆయనే సరిచేసుకుంటారు. నిజంగా సాయం కావాల్సినప్పుడు మాత్రం ఏం చేయాలో మీరే విడమరిచి చెప్పండి, ఎక్కడ పట్టుకోవాలి, ఎప్పుడు వంచాలి, ఎప్పుడు ఆగాలి. కుర్చీలో ఉన్నవాళ్లు చెప్పాలి, తోసేవాళ్లు వినాలి.

ప్రశ్న: లిఫ్టులోకి ముందుకి వెళ్లాలా, వెనక్కి వెళ్లాలా?

జవాబు: తిరగడానికి జాగా లేని లిఫ్టైతే వెనక్కి. లిఫ్టుకీ అంతస్తుకీ మధ్య ఉండే సందుని పెద్ద చక్రాలు ముందు దాటేస్తాయి, బయటికి వచ్చేటప్పుడు ఎదురుగా ఏముందో కనిపిస్తుంది. లిఫ్టు నేల, అంతస్తు నేల సమంగా ఆగాయో లేదో చూసే కదలండి. లోపలికి వెళ్లాక బ్రేకులు వేసుకోండి.

ప్రశ్న: మడత కుర్చీ తెరిచేటప్పుడు రెండుసార్లు వేళ్లు నలిగాయి. చిట్కా ఉందా? అలాగే నాన్నని కుర్చీతోనే వ్యాన్‌లోకి ఎక్కించి తీసుకెళ్లొచ్చా? బెల్టు ఉంది కదా.

జవాబు: కత్తెరలా ముడుచుకునే ఈ ఫ్రేముని 1930ల్లో హెర్బర్ట్ ఎవరెస్ట్, హ్యారీ జెన్నింగ్స్ అనే ఇద్దరు ఇంజినీర్లు రూపొందించారు, కారులో పట్టాలన్నదే వాళ్ల ఆలోచన. వేళ్ల గురించి ఏమనుకున్నారో గానీ, తెరిచేటప్పుడు సీటు గొట్టాల్ని గుప్పిట పట్టుకోకండి. కుర్చీని కొంచెం మీ వైపు వంచి, రెండు అరచేతులూ చాపి గొట్టాల మీద పెట్టి, వేళ్లు సీటు మధ్యకి చూసేలా ఉంచి కిందకి నొక్కండి. నలిగేది గొట్టానికీ పక్క ఫ్రేముకీ మధ్య, వేళ్లు అటు వైపు లేకపోతే నలగవు. తెరిచాక గొట్టాలు వాటి గాడిలో పూర్తిగా కూర్చున్నాయో లేదో చూశాకే నాన్నగారిని కూర్చోబెట్టండి. చక్రాలు మీట నొక్కితే ఊడొచ్చే రకమైతే, తిరిగి పెట్టాక ఒక్కసారి బయటికి లాగి చూడాలి. ఇంతలో ముందు చక్రాల ఇరుసుల్లోకి తొంగి చూడండి. వెంట్రుకలూ దారాలూ చుట్టుకుని ఉండలు కట్టి ఉంటాయి, కుర్చీ ఒక పక్కకి లాగుతోందని వచ్చే ఫిర్యాదుల్లో కొన్నిటికి మందు ఒక పట్టకారే.

వ్యాన్ సంగతి. కుర్చీకున్న బెల్టు కూర్చునే తీరు కోసం పెట్టింది, యాక్సిడెంట్‌కి ఆగేది కాదు. అది కూడా తుంటి మీదుగా కిందికి బిగువుగా ఉండాలి, వదులుగా ఉంటే మనిషి కిందికి జారి మెడకి చుట్టుకునే ప్రమాదముంది. నాన్నగారు మారగలిగితే బండి సీటులో కూర్చోబెట్టి బండి సీటుబెల్టే పెట్టండి, కుర్చీని మడిచి కదలకుండా కట్టండి. మారలేని పరిస్థితైతే గుద్దు పరీక్షకి నిలిచిన కుర్చీ కావాలి, దాని ప్రమాణం ఐఎస్ఓ 7176-19, కుర్చీ పత్రాల్లో రాసి ఉంటుంది. దాన్ని నాలుగు మూలలా బండి నేలకి పట్టీలతో బిగించి, నాన్నగారికి విడిగా నడుముకీ భుజానికీ బెల్టు వేసి, ముఖం బండి వెళ్లే దిక్కుకి ఉండేలా కూర్చోబెట్టాలి. కుర్చీ బ్రేకులు వేసి, పక్కన ఒక మనిషి పట్టుకుని కూర్చుంటే సరిపోతుందనుకునేరు, అది సరిపోదు.